మార్చి ఇచ్చిన స్మార్ట్‌వాచ్‌కి వారంటీ ఎప్పటిదాకా? రీప్లేస్‌మెంట్ గొడవల్లో మీరు తెలుసుకోవాల్సినవన్నీ

ఫిట్‌నెస్ బ్యాండ్ పాడైంది. సర్వీస్ సెంటర్‌లో ఇచ్చారు. వాళ్లు రిపేర్ చేయకుండా ఇంకో పీస్ చేతిలో పెట్టారు. ఇంతవరకూ హ్యాపీ. రెండు నెలలు తిరక్కుండానే ఆ రెండో పీస్ కూడా ఆన్ అవ్వడం మానేసింది. ఇప్పుడు దానికి వారంటీ ఉన్నట్టా, లేనట్టా?

మనలో చాలామంది అనుకునేది: "కొత్త పీస్ ఇచ్చారు కదా, ఇంకో ఏడాది ఉంటుంది." కౌంటర్ దగ్గర వినిపించేది: "మీరు కొని ఏడాది దాటింది సార్, వారంటీ లేదు." తమాషా ఏంటంటే చాలా సందర్భాల్లో ఈ రెండూ కరెక్ట్ కావు. అసలు జవాబు వారంటీ షరతుల్లో ఒక చిన్న లైన్‌లో ఉంటుంది. ఆ లైన్ కౌంటర్‌లో కూర్చున్న వ్యక్తికి కూడా తెలియకపోవచ్చు.

ఈ ఆర్టికల్‌లో ఆ లైన్ ఎలా వెతకాలి, మీ తేదీ ఎలా లెక్కేసుకోవాలి, సర్వీస్ సెంటర్ "కుదరదు" అంటే తర్వాత ఎక్కడికి వెళ్లాలి అన్నది ఒక్కొక్కటిగా చూద్దాం. ఒక్క మాట ముందే చెప్పేస్తా. మీకొచ్చింది కొత్త పీస్ అయినా దాని వారంటీ పాత పీస్‌కి కట్టేసి ఉంటుంది. ఆ రెండింటినీ కలిపే ఆధారం మీ దగ్గర ఉంటే సగం గొడవ గెలిచినట్టే.

ఈ గొడవ వాచ్‌లు, బ్యాండ్‌లలోనే ఎందుకు ఎక్కువ?

ఫోన్‌లో డిస్‌ప్లే పోతే డిస్‌ప్లే మారుస్తారు, బ్యాటరీ పోతే బ్యాటరీ మారుస్తారు. మన ఫోన్ మన ఫోన్‌లాగే తిరిగొస్తుంది, సీరియల్ నంబర్ కూడా చాలావరకు అదే. ఫిట్‌నెస్ బ్యాండ్ సంగతి వేరు. నీళ్లు లోపలికి పోకుండా మొత్తం జిగురుతో సీల్ చేసేస్తారు. విప్పితే ఆ సీల్ పోతుంది. మళ్లీ అదే స్థాయిలో సీల్ చేసి, ప్రెజర్ టెస్ట్ చేసి ఇవ్వడం కంటే ఇంకో పీస్ ఇచ్చేయడమే కంపెనీకి చవక. అందుకే బ్యాండ్‌కి "రిపేర్ వారంటీ" అని పేరున్నా, ఆచరణలో అది రీప్లేస్‌మెంట్ వారంటీయే.

అంటే బ్యాండ్ కొన్న మనిషికి మొదటి ఏడాదిలో ఏదైనా సమస్య వస్తే, అతని చేతిలో సీరియల్ నంబర్ మారిపోతుంది. బిల్లు మీద మాత్రం పాత నంబరే ఉంటుంది. గొడవలన్నీ ఇక్కడే పుడతాయి.

ముందు తేదీల లెక్క

రీప్లేస్‌మెంట్ పీస్ వారంటీ విషయంలో కంపెనీల షరతులు మామూలుగా మూడు రకాలుగా ఉంటాయి.

ఒకటి, మిగిలిన కాలం మాత్రమే. పాత పీస్‌కి ఎన్ని రోజులు మిగిలితే కొత్తదానికి అన్నే రోజులు.

రెండు, మిగిలిన కాలం లేదా 90 రోజులు, వీటిలో ఏది ఎక్కువైతే అది. యాపిల్, గార్మిన్ తమ వారంటీ షరతుల్లో రాసుకున్నది ఇదే.

మూడు, పీస్ ఇచ్చిన రోజు నుంచి మళ్లీ పూర్తి కాలం. ఇది అరుదు. ఎక్కడైనా ఉంటే అది షరతుల్లో స్పష్టంగా రాసి ఉండాలి. నోటి మాట లెక్కలోకి రాదు.

ఇప్పుడు ఒక ఉదాహరణ. మీరు 2024 జూన్ 10న వాచ్ కొన్నారు. ఏడాది వారంటీ, అంటే 2025 జూన్ 9 దాకా. 2025 ఏప్రిల్ 25న పాడైన వాచ్ తీసుకుని కొత్త పీస్ ఇచ్చారు.

- మొదటి రకం షరతు అయితే: జూన్ 9తో ఖతం. చేతిలో ఉన్నది 45 రోజులే.
- రెండో రకం అయితే: ఏప్రిల్ 25 నుంచి 90 రోజులు, అంటే జూలై 24 దాకా.
- మూడో రకం అయితే: 2026 ఏప్రిల్ దాకా.

అదే వాచ్ మూడో నెలలోనే, అంటే 2024 సెప్టెంబర్ 10న మార్చి ఉంటే మొదటి రెండు రకాలకీ తేడా ఉండదు. తొమ్మిది నెలలు ఇంకా మిగిలే ఉన్నాయి కాబట్టి రెండింటికీ 2025 జూన్ 9 దాకానే. కోడ్ రాసేవాళ్లకి చెప్పాలంటే రెండో రకం షరతు అంటే రెండు తేదీల్లో మ్యాక్స్ తీసుకోవడం, అంతే.

దీన్నిబట్టి అర్థమయ్యేది ఏంటంటే, 90 రోజుల లైన్ విలువ తెలిసేది వారంటీ చివరి మూడు నెలల్లో మార్చుకున్నవాళ్లకే. బ్యాటరీ, స్ట్రాప్ లాక్, సెన్సర్ లాంటివి వాడగా వాడగా ఇబ్బంది పెట్టేవి కాబట్టి, చాలామంది సర్వీస్ సెంటర్‌కి వెళ్లేది కూడా సరిగ్గా ఆ చివరి నెలల్లోనే. "ఏడాది దాటింది సార్" అన్న మాట విని వెనక్కి వచ్చేసేది కూడా వాళ్లే.

కాబట్టి మొదటి పని: మీ బ్రాండ్ వెబ్‌సైట్‌లో ఇండియాకి సంబంధించిన వారంటీ పేజీ తెరవండి. అందులో "రీప్లేస్‌మెంట్" అన్న పదం కోసం వెతకండి. ఆ పేరా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తేదీ కనపడేలా. షరతులు తర్వాత మారొచ్చు. మీకు వర్తించేవి ఏవి అన్న వాదన వస్తే ఆ స్క్రీన్‌షాటే మాట్లాడుతుంది.

సీరియల్ నంబర్: ఇక్కడ లింక్ తెగితే అంతా తెగినట్టే

డేటాబేస్‌లతో పనిచేసేవాళ్లకి ఇది ఈజీగా అర్థమవుతుంది. కంపెనీ సిస్టమ్‌లో ప్రతి వాచ్‌కీ సీరియల్ నంబరే ప్రైమరీ కీ. మీ బిల్లు పాత సీరియల్‌తో లింక్ అయి ఉంది. కొత్త పీస్ ఇచ్చినప్పుడు సర్వీస్ సెంటర్ వాళ్లు "పాత నంబర్ ఇది, దాని బదులు ఇచ్చిన నంబర్ ఇది" అని సిస్టమ్‌లో ఎంటర్ చేయాలి. చేస్తే ఏ సమస్యా లేదు. చేయకపోతే? కొత్త సీరియల్ కొట్టగానే ఎవరికీ అమ్మని పీస్‌గానో, ఎప్పుడో తయారైన పీస్‌గానో కనపడుతుంది. బిల్లు చూపిస్తే "ఈ నంబర్ బిల్లులో లేదు" అంటారు. పాపం కౌంటర్‌లో ఉన్నాయన అబద్ధం చెప్పట్లేదు. అతని స్క్రీన్ మీద నిజంగానే లేదు.

ఆ లింక్ మీ దగ్గర కాగితం రూపంలో ఉండాలి. దాన్నే జాబ్ షీట్ అంటారు. పీస్ ఇచ్చేటప్పుడు ఒక జాబ్ షీట్, తీసుకునేటప్పుడు క్లోజ్ చేసిన జాబ్ షీట్. రెండోదాంట్లో ఈ నాలుగూ ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి:

1. పాత సీరియల్ నంబర్
2. కొత్త సీరియల్ నంబర్
3. మార్చిన తేదీ
4. సమస్య ఏంటి, ఏం చేశారు అన్న వివరం

కొత్త నంబర్ లేకపోతే పెన్నుతో రాసి, స్టాంప్ వేసి, సంతకం పెట్టమనండి. "సిస్టమ్‌లో ఉంటుంది సార్" అంటే, "సరే అన్నా, ఇందులో కూడా రాయండి" అని మర్యాదగానే అడగండి. కొరియర్‌లో వచ్చే పీస్‌కి జాబ్ షీట్ రాకపోతే అదే రోజు కంపెనీ సపోర్ట్‌కి ఒక మెయిల్ పెట్టండి: నా పాత సీరియల్ ఇది, మీరు పంపినది ఇది, జాబ్ నంబర్ ఇది, వారంటీ ఏ తేదీ వరకు ఉందో రిప్లైలో కన్ఫర్మ్ చేయండి. నాలుగు లైన్ల మెయిల్. రిప్లై వస్తే బంగారం. రాకపోయినా ఆ తేదీన మీరు అడిగినట్టు రికార్డు ఉంటుంది.

నేను దగ్గరుండి చూసిన కేసు

మా రూమ్‌మేట్ హాఫ్ మారథాన్ ప్రాక్టీస్ కోసం 11,999 రూపాయలు పెట్టి ఒక జీపీఎస్ వాచ్ కొన్నాడు. కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు, ఎందుకంటే ఈ కథ ఏ కంపెనీతోనైనా జరిగేదే. పదకొండో నెలలో హార్ట్ రేట్ సెన్సర్ ఆగిపోయింది. సర్వీస్ సెంటర్‌లో వారంలో మార్చి ఇచ్చారు. ఆ రెండో పీస్ 58వ రోజున చార్జింగ్ ఎక్కడం మానేసింది.

కౌంటర్‌లో రెండు అభ్యంతరాలు చెప్పారు. కొని ఏడాది దాటింది. సీరియల్ నంబర్ బిల్లుతో కలవట్లేదు. వాడు తిరిగొచ్చి "పోనీలేరా, పన్నెండు వేలు పోయాయి" అని కూర్చున్నాడు. మొదటి ఉద్యోగం, రెండో నెల జీతంతో కొన్న వాచ్ అది.

ఇద్దరం కూర్చుని ఆ కంపెనీ షరతులు చదివాం. మార్చిన పీస్‌కి 90 రోజులు లేదా మిగిలిన కాలం అని ఉంది. అంటే ఇంకా 32 రోజులు ఉంది. మొదటి అభ్యంతరం అక్కడితో సరి. రెండోదానికి వాడి దగ్గర క్లోజ్ చేసిన జాబ్ షీట్ లేదు. కానీ జాబ్ నంబర్‌తో వచ్చిన ఎస్సెమ్మెస్ ఫోన్‌లో ఉంది. వాచ్ యాప్‌లో పాత పీస్ తీసేసి కొత్త పీస్ జత చేసిన తేదీ కూడా ఉంది. ఆ తేదీ, "మీ వాచ్ సిద్ధంగా ఉంది" అన్న ఎస్సెమ్మెస్ తేదీ ఒకటే.

ఈసారి కౌంటర్‌కి వెళ్లలేదు. కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న గ్రీవెన్స్ ఆఫీసర్ అడ్రస్‌కి మెయిల్ పెట్టించాను. కోపం లేదు, కథ లేదు. కొన్న తేదీ, మార్చిన తేదీ, రెండు సీరియల్ నంబర్లు, జాబ్ నంబర్, వాళ్ల షరతుల్లోని ఆ లైన్, 58వ రోజున తీసిన చార్జింగ్ వీడియో, చివరగా ఏం కావాలి అన్నది. నాలుగో రోజున జవాబు వచ్చింది: జాబ్ నంబర్‌తో చూశాం, కొత్త సీరియల్ అప్‌డేట్ కాలేదు, సరిచేశాం, వాచ్ ఇవ్వండి. మూడో పీస్ వచ్చింది.

ఇందులో మేం చేసిన గొప్ప పనేం లేదు. కౌంటర్ దగ్గర తేలని విషయం మెయిల్‌లో తేలింది, ఎందుకంటే మెయిల్ చదివే వ్యక్తికి సిస్టమ్‌లో మార్చే అధికారం ఉంది, కౌంటర్‌లో ఉన్నతనికి లేదు. ఆ ఎస్సెమ్మెస్ డిలీట్ అయి ఉంటే మాత్రం ఇంత సులువుగా తేలేది కాదు.

"లోపల తేమ ఉంది, వారంటీ రాదు"

తేదీ గొడవ తర్వాత ఎక్కువగా వినిపించేది ఇదే. దీనికి జవాబు చెప్పాలంటే ముందు రేటింగ్‌లు అర్థం కావాలి.

5 ఏటీఎం అంటే 50 మీటర్ల లోతులో ఉండే నీటి ఒత్తిడికి సమానమైన ఒత్తిడిని కదలకుండా ఉన్న వాచ్ తట్టుకుంది అని. 50 మీటర్ల లోతుకి డైవ్ కొట్టొచ్చని కాదు. ఐపీ68లో రెండో అంకె, అంటే 8, నీటి గురించి. అది మీటరు కంటే కఠినమైన పరిస్థితుల్లో, కంపెనీ చెప్పిన లోతు, సమయం మేరకు చేసే టెస్ట్. ఈ టెస్టులు చేసేది మామూలు మంచినీళ్లలో. సబ్బు, షాంపూ, వేడినీళ్లు, ఆవిరి, సముద్రపు ఉప్పు ఇవేవీ ఆ టెస్టులో ఉండవు. పైగా సీల్ కాలంతో పాటు బలహీనపడుతుంది. యాపిల్ లాంటి కంపెనీలు ఈ విషయం తమ సపోర్ట్ పేజీల్లోనే రాశాయి.

కాబట్టి వాచ్‌తో వేడినీళ్ల స్నానం, స్టీమ్ రూమ్ చేస్తే మీ కేసు బలహీనమే. కానీ "స్విమ్మింగ్‌కి వాడొచ్చు" అని ప్రకటించి అమ్మిన వాచ్‌ని స్విమ్మింగ్‌కే వాడారు, బయట ఒక్క గీత గానీ పగులు గానీ లేదు, అయినా లోపలికి తేమ వెళ్లింది. అప్పుడు ప్రశ్న మారిపోతుంది. నీళ్లు ఎలా పోయాయి అని మిమ్మల్ని అడగడం కాదు, సీల్ ఎందుకు ఆగలేదు అని మీరు వాళ్లని అడగాలి. మన వినియోగదారుల చట్టంలో "లోపం" అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో, అమ్మకందారు చెప్పుకున్న ప్రమాణానికి వస్తువు సరిపోకపోవడం కూడా ఉంది.

ఇక్కడ మీరు చేయాల్సినవి మూడు. వారంటీ తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా, లోపలి ఫొటోలతో అడగండి. మీరు కొన్న ప్రోడక్ట్ పేజీలో "స్విమ్ ప్రూఫ్" అని ఉన్న స్క్రీన్‌షాట్ జతచేయండి. సర్వీస్ సెంటర్‌కి ఇచ్చే ముందే వాచ్‌ని నాలుగు వైపులా ఫొటో తీయండి, వెనక సెన్సర్ గాజుతో సహా. "పగులు ముందే ఉంది" అన్న మాటకు అవకాశం ఉండదు.

అదే మోడల్ లేదంటే, రిఫర్బిష్డ్ ఇస్తే

వేరబుల్స్‌లో మోడల్స్ చాలా త్వరగా మారిపోతాయి. మీ మోడల్ స్టాక్ లేదని తక్కువ మోడల్ ఇవ్వబోతే ఒప్పుకోవాల్సిన పనిలేదు. పోల్చాల్సింది ధర ఒక్కటే కాదు, ఫీచర్లు. మీ పాతదాంట్లో వాచ్‌లోనే జీపీఎస్ ఉంటే, ఫోన్ జీపీఎస్ మీద ఆధారపడే బ్యాండ్ దానికి సమానం కాదు. కూపన్ ఇస్తామంటే అది మీరు కట్టిన బిల్లు మొత్తానికా, ఇప్పటి తగ్గింపు ధరకా అని ముందే అడగండి. తీసుకున్నాక మాట్లాడటం కష్టం.

రిఫర్బిష్డ్ విషయానికొస్తే, కొత్తది గానీ, వాడి సరిచేసింది గానీ ఇచ్చే హక్కు తమకుందని చాలా కంపెనీల షరతుల్లో రాసే ఉంటుంది. కాబట్టి "రిఫర్బిష్డ్ ఇచ్చారు" అన్న ఒక్క పాయింట్ మీద వాదన నిలవదు. గీతలున్నా, బ్యాటరీ తక్కువ సేపు వస్తున్నా, అది లోపం కింద వెంటనే రాతలో చెప్పండి.

విడిగా కొన్న ఎక్స్‌టెండెడ్ వారంటీ ప్లాన్ ఉంటే ఇంకో మెలిక. కొన్ని ప్లాన్‌లలో ఒక్కసారి రీప్లేస్‌మెంట్ ఇచ్చాక ఆ ప్లాన్ అక్కడితో ముగిసిపోతుంది. రెండేళ్లకు డబ్బు కట్టినా సరే. చిన్న రిపేర్‌తో పోయేదానికి రీప్లేస్‌మెంట్ ఒప్పుకునే ముందు ఆ షరతు చూసుకోండి.

కొత్త పీస్ వచ్చిన మొదటి వారంలో చేయాల్సినవి

90 రోజులు అంటే చాలా అనిపిస్తుంది, ఇట్టే అయిపోతాయి. లోపం ఉంటే మొదటి వారంలోనే బయటపడాలి. అందుకే నేనైతే ఇలా చేస్తా:

- ప్యాక్ విప్పేటప్పుడు ఒకే షాట్‌లో వీడియో. పార్సిల్ లేబుల్ మొదలు వాచ్ వెనక సీరియల్ నంబర్ దాకా.
- వాచ్ సెట్టింగ్స్‌లో కనిపించే సీరియల్, వెనక ఉన్న సీరియల్, జాబ్ షీట్‌లో ఉన్న సీరియల్ మూడూ ఒకటేనా చూడటం.
- 100 శాతం చార్జ్ చేసి, రోజూ ఒకే టైమ్‌కి ఎంత మిగిలిందో స్క్రీన్‌షాట్. నాలుగైదు రోజుల్లో బ్యాటరీ ఎలా ఉందో తెలిసిపోతుంది.
- కదలకుండా కూర్చుని మణికట్టు దగ్గర నాడి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించడం. వాచ్ చూపించే దానితో కాస్త తేడా మామూలే. మళ్లీ మళ్లీ చూసినా పదిహేను, ఇరవై తేడా వస్తే సెన్సర్ అనుమానించాల్సిందే.
- దగ్గర్లో స్టేడియం ఉంటే 400 మీటర్ల ట్రాక్ లోపలి లేన్‌లో పది రౌండ్లు. అది 4 కిలోమీటర్లు. వాచ్ 3.5 చూపిస్తే జీపీఎస్ సంగతి తేలిపోతుంది.
- నీళ్ల టెస్ట్ మాత్రం సొంతంగా చేయొద్దు. బకెట్లో ముంచిన వీడియో మీకే ఎదురు తిరుగుతుంది.

పాత పీస్ ఇచ్చే ముందు చేయాల్సింది కూడా ఒకటుంది. డేటా సింక్ చేసి, ఫోన్ నుంచి అన్‌పెయిర్ చేసి, అకౌంట్ తీసేయండి. మీ నిద్ర, గుండె వేగం వివరాలు వేరేవాళ్ల చేతికి వెళ్లకుండా ఉంటాయి, అకౌంట్ లాక్ ఉందని సర్వీస్ సెంటర్ వెనక్కి పంపకుండానూ ఉంటుంది.

చట్టం ఏమంటుంది?

రీప్లేస్‌మెంట్ పీస్‌కి ఇన్ని రోజుల వారంటీ ఇవ్వాలి అన్న అంకె మన చట్టంలో లేదు. అది కంపెనీ రాసే షరతు. కానీ కంపెనీ రాసింది అమలు చేయాల్సిందే. రాసిన వారంటీకి మించి కూడా మీకు హక్కులున్నాయి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 మనకు 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. వస్తువులో లోపం ఉందని తేలితే జిల్లా వినియోగదారుల కమిషన్ ఏమేం ఆదేశించొచ్చో 39వ సెక్షన్‌లో ఉంది: లోపం సరిచేయించడం, అదే రకం లోపం లేని కొత్త వస్తువు ఇప్పించడం, కట్టిన డబ్బు వడ్డీతో వెనక్కి ఇప్పించడం, నష్టపరిహారం. గమనించండి, ఇక్కడ చట్టం "కొత్త వస్తువు" అంటుంది. మూడు రిఫర్బిష్డ్ పీస్‌లు వరసగా పాడైన మనిషికి ఈ మాట చాలా పనికొస్తుంది. అలాంటప్పుడు నాలుగో పీస్ అడగడం కంటే డబ్బు వాపస్ అడగడమే న్యాయం.

ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లకి 2020 ఈ-కామర్స్ నిబంధనలు కూడా ఉన్నాయి. వాటి ప్రకారం గ్రీవెన్స్ ఆఫీసర్ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి.

ఏ వరసలో వెళ్లాలి?

మొదట సర్వీస్ సెంటర్. తిరస్కరిస్తే కారణం రాతలో.

రెండు, కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్. పైన చెప్పిన ఫార్మాట్‌లో, ఒకే పేజీలో. చివర్లో జవాబుకి ఒక గడువు పెట్టండి, 15 రోజులు సరిపోతుంది.

మూడు, నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915. తెలుగులోనూ మాట్లాడొచ్చు, ఆన్‌లైన్‌లోనూ పెట్టొచ్చు. వీళ్లు తీర్పు ఇవ్వరు, కంపెనీతో మాట్లాడి పరిష్కారానికి చూస్తారు. డాకెట్ నంబర్ జాగ్రత్త చేసుకోండి.

నాలుగు, జిల్లా వినియోగదారుల కమిషన్. ఇక్కడే చాలామంది భయపడతారు, నిజానికి అంత భయం అక్కర్లేదు. కట్టిన ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. కంపెనీ ఆఫీస్ గురుగ్రామ్‌లో ఉన్నా, బెంగళూరులో ఉన్నా మీరు ఉండే జిల్లాలోనే, గుంటూరు అయితే గుంటూరులో, కరీంనగర్ అయితే కరీంనగర్‌లో ఫిర్యాదు వేయొచ్చు. 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే ఫైల్ చేయొచ్చు. గడువు మాత్రం గుర్తుంచుకోండి: ఫిర్యాదుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు. ల్యాబ్ టెస్ట్ అవసరం లేని కేసులు మూడు నెలల్లో, టెస్ట్ అవసరమైతే ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. వాస్తవంలో ఇంకా ఎక్కువ పట్టొచ్చు. రెండు వేల బ్యాండ్ కోసం అంత దూరం వెళ్లాలా వద్దా అన్నది మీ ఇష్టం. కానీ మెయిల్‌లో "తర్వాత కమిషన్‌కి వెళ్తాను" అని రాసే మనిషి దగ్గర తేదీలు, నంబర్లు అన్నీ సరిగ్గా ఉంటే, ఆ మెయిల్ చదివే తీరు వేరేగా ఉంటుంది.

రీకాల్ అయితే వారంటీతో పనిలేదు

ఒక్కోసారి ఒక పీస్ కాదు, మొత్తం మోడల్‌లోనే లోపం ఉంటుంది. 2022 మార్చిలో ఫిట్‌బిట్ అయానిక్ వాచ్‌ని బ్యాటరీ వేడెక్కి చర్మం కాలుతోందని రీకాల్ చేశారు. అమెరికాలోనే 78 మంది కాలిన గాయాల ఫిర్యాదులు చేశారు. అమెరికాలో అమ్మినవి దాదాపు 10 లక్షలు, బయట దేశాల్లో 6,93,000. అవి 2017 నుంచి అమ్ముడైనవి కాబట్టి చాలావాటికి వారంటీ ఎప్పుడో అయిపోయింది. అయినా వాచ్ వెనక్కి ఇచ్చినవాళ్లకి 299 డాలర్లు రిఫండ్ ప్రకటించారు. అందుకే పాత వాచ్ చార్జింగ్‌లో విపరీతంగా వేడెక్కుతుంటే, వెనక గాజు ఉబ్బి పైకి లేస్తుంటే, వారంటీ లేదని ఊరుకోకండి. వాడటం ఆపేసి, ఆ మోడల్‌కి రీకాల్ ఉందేమో చూడండి.

అమెరికా నుంచి తెప్పించుకున్న వాచ్ అయితే

మన ఇళ్లలో ఇది మామూలే. డల్లాస్‌లో ఉన్న అక్క సెలవులకి వస్తూ వాచ్ తెస్తుంది. వారంటీ దేశాన్ని బట్టి ఉండొచ్చు, అక్కడి మోడల్ నంబర్‌కి ఇక్కడ స్టాక్ ఉండకపోవచ్చు. కొనేముందే ఆ బ్రాండ్ ఇండియాలో ఆ మోడల్‌కి సర్వీస్ ఇస్తుందా అని అడిగి మెయిల్‌లో జవాబు తీసుకోండి. బిల్లు పీడీఎఫ్ అక్క దగ్గరే ఉండిపోకుండా మీకు ఫార్వర్డ్ చేయించుకోండి. లండన్‌లోనో, జర్మనీలోనో ఉండే మనవాళ్లకి పరిస్థితి ఇంకాస్త నయం. బ్రిటన్‌లో 2015 చట్టం ప్రకారం ఒకసారి రిపేరో రీప్లేస్‌మెంటో చేశాక కూడా లోపం ఉంటే వస్తువు తిరస్కరించి డబ్బు అడగొచ్చు. యూరోపియన్ యూనియన్‌లో అమ్మకందారు బాధ్యత కనీసం రెండేళ్లు. ఆ హక్కులు అక్కడ కొన్న షాపు మీదే పనిచేస్తాయి, హైదరాబాద్ కౌంటర్‌లో కాదు.

ఇప్పుడే చేయాల్సిన ఒక్క పని

మీ చేతికి ఉన్న వాచ్ మార్చి ఇచ్చిన పీస్ అయితే, ఈ పేజీ మూసే ముందు ఒక ఫోల్డర్ తెరవండి. బిల్లు, జాబ్ షీట్, పాత సీరియల్, కొత్త సీరియల్, షరతుల స్క్రీన్‌షాట్ అందులో పడేయండి. ఫోల్డర్ పేరులోనే వారంటీ ముగిసే తేదీ రాయండి, ఫోన్ క్యాలెండర్‌లో దానికి పది రోజుల ముందు రిమైండర్ పెట్టండి. ఆ రోజు రిమైండర్ మోగితే వాచ్‌ని ఒక్కసారి పూర్తిగా చెక్ చేయండి. చిన్న అనుమానం ఉన్నా ఫిర్యాదు ఆ రోజే నమోదు చేయించండి. ఆఖరి రోజున నమోదైన ఫిర్యాదు కూడా వారంటీలో ఉన్న ఫిర్యాదే. మర్నాడు వెళ్తే మాత్రం అంతా మొదటి నుంచి వాదించుకోవాలి.